పలుపు చేతికి చుట్టుకోవద్దు

శ్రోతలకు నమస్కారం. ఈ పూట మేత గురించీ, పాల గురించీ కాదు, ఒక తాడు గురించి మాట్లాడదామని వచ్చాను. ఎద్దునీ, ఆబోతునీ, దున్నపోతునీ మనం చేత్తో పట్టుకుని నడిపించే పలుపు గురించి. నాకున్న ఈ కొద్ది నిమిషాల్లో ఒక్క మాట మీ చెవిన పడితే చాలు. పలుపు చేతికి చుట్టుకోవద్దు.

ఎదిగిన ఒంగోలు గిత్త తూకం 500 కిలోలకు పైమాటే. పట్టుకున్న మనిషి 60 కిలోలో, 70 కిలోలో. "మా గిత్త సాధువండీ, చిన్నపిల్లాడు పట్టుకున్నా వచ్చేస్తుంది" అంటారు. నిజమే. అయితే సాధు గొడ్డు కూడా బెదురుతుంది. జోరీగ కుడితే బెదురుతుంది, లారీ హారన్‌కి బెదురుతుంది, గాలికి ఎగిరే ప్లాస్టిక్ సంచికి బెదురుతుంది. అందులో దాని తప్పు లేదు.

గాలికుంటు టీకా వేయించడానికి గిత్తను పశువుల ఆసుపత్రికి తోలుకెళ్తున్నారనుకుందాం. జారిపోకుండా ఉంటుందని పలుపును అరచేతికి మూడు చుట్లు చుట్టారు. వెనకాల మోటార్‌సైకిల్ హారన్ కొట్టింది. గిత్త తల ఒక్కసారి విదిలించింది. అప్పుడు చేతిలో ఏం జరుగుతుందో నిదానంగా చూద్దాం. పై చుట్టు కింది చుట్ల మీదికెక్కి బిగుస్తుంది. వేళ్ళు నాలుగూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, బొటనవేలు వాటికింద ఇరుక్కుంటుంది. ఇక గుప్పిట విప్పుదామన్నా రాదు. చుట్లు వదులు కావాలంటే తాడు వదులు కావాలి, తాడు వదులు కావాలంటే మనం గిత్త వైపు పరిగెత్తాలి. గిత్తేమో మనకంటే ముందు పరిగెడుతోంది. మనిషి బోర్లా పడతాడు, అదే చెయ్యి పట్టుకుని ఈడుస్తుంది. వేళ్ళు విరుగుతాయి, భుజం కీలు తప్పుతుంది. గిత్త పొడవలేదు, తన్నలేదు. చేసిందంతా ఆ మూడు చుట్లే.

మరి ఎలా పట్టుకోవాలి? కుడిచెయ్యి గొడ్డు మూతికి మూరెడు దూరంలో ఉండాలి. మిగిలిన తాడును ఎడమచేతిలో చీర కుచ్చిళ్ళలా ముందుకీ వెనక్కీ మడతలు పెట్టి పట్టుకోండి. చుట్టు కాదు, మడత. గుప్పిట విప్పితే మడతలన్నీ జారి కింద పడాలి. తాడు కొసన ముడి ఉంటే విప్పేయండి, ఆ ముడి వేళ్ళ సందులో పట్టేస్తుంది. నైలాన్ తాడు లాగుడుకి అరచెయ్యి కాలినట్టు ఒలిచేస్తుంది. బొటనవేలంత లావు నూలుతాడు మేలు. గడ్డి కోసుకుంటూ పలుపు నడుముకి కట్టుకునేవాళ్ళు కూడా ఈ మాట వినాలి. నడుముకి కడితే మరీ ప్రమాదం. గొడ్డు లాగేస్తే వదిలేయండి. వదిలేసిన గిత్తను నలుగురూ కలిసి మళ్ళీ పట్టుకోవచ్చు.

నడిచేటప్పుడు పలుపు భుజాన వేసుకుని ముందు నడవకండి, గొడ్డు ఏం చేస్తోందో మీకు కనబడదు. దాని భుజం పక్కన నడవండి. పశువు కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ చాలా మేర చూస్తుంది, సరిగ్గా తోక వెనక ఉన్నది మాత్రం కనబడదు. అందుకే వెనకనుంచి చప్పుడు లేకుండా వెళ్ళి చెయ్యి వేయకూడదు. దగ్గరికి వెళ్ళేముందు రోజూ పిలిచే పిలుపుతో పిలవండి. ఆబోతునైతే ఒక్కరే తోలొద్దు. అటొకరు ఇటొకరు, రెండు పగ్గాలు.

ఆబోతు కాలు దువ్వితే అందరికీ తెలుస్తుంది. అంతకుముందే అది చెప్పే మాట ఒకటుంది, దాన్ని చాలామంది పోల్చుకోలేరు. తల దించి, వీపు కాస్త పైకెత్తి, మీకు అడ్డంగా పక్కకి తిరిగి నిలబడుతుంది. పోతోందిలే అనుకుంటాం. కాదు, తన ఒళ్ళెంత ఉందో చూపించి బెదిరిస్తోంది. అప్పుడు కర్ర ఎత్తకండి, అరవకండి, వీపు చూపించి పరిగెత్తకండి. దాన్ని చూస్తూనే ఒక్కో అడుగు వెనక్కి వేసి చెట్టు చాటుకో, బండి చాటుకో చేరండి. డబ్బాపాలు పట్టి, మనుషుల మధ్య ఒంటరిగా పెంచిన కోడెదూడ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మనిషి భయం దానికి ఉండదు, ఎదిగాక మనిషిని తోటి ఆబోతు అనుకుంటుంది. దూడప్పుడు తలతో కుమ్మితే ముద్దుగా ఉంటుంది. ఆ ఆట నేర్పకండి.

ఇంటికొచ్చాక కట్టడం. ముకుతాడు నడిపించడానికే, కట్టేయడానికి కాదు. ముకుతాడుతో గుంజకి కడితే, గొడ్డు బెదిరి వెనక్కి లాగినప్పుడు ముక్కు చీలిపోతుంది. మెడపలుపుతో కట్టండి. మెడ దగ్గర జారుముడి వేయొద్దు, ఉరి పడుతుంది. గుంజ దగ్గర మాత్రం కొస లాగితే ఊడే ముడి వేయండి. పాకకి నిప్పంటుకున్నా, కాలు మెలికపడి గొడ్డు పడిపోయినా, దాని కొమ్ముల కిందికి వంగి ముడి విప్పే వ్యవధి ఉండదు. ఈ రాత్రి మేత వేశాక దీపం లేకుండా, ఎడమచేత్తో, ఆ కొసను ఒకసారి లాగి చూడండి. ఒక్క లాగుకి ఊడిరాకపోతే ముడి మార్చి కట్టండి.