తక్కువ తిరిగిన బండి అంటే ఎందుకంత మోజు?

బామ్మర్ది: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ సెకండ్ హ్యాండ్ కార్ల గురించి. హైదరాబాద్ నుంచి అరకు, శ్రీశైలం, కర్నూలు మీదుగా బెంగళూరు, ఇలా ఇంటిల్లిపాదీ కలిసి దూరాలు తిరగడానికి పనికొచ్చే బండి ఎలా ఎంచుకోవాలన్నది టాపిక్. నాతో మా బావ ఉన్నారు. పాత కారు కొనేవాళ్ల తరఫున వెళ్లి బండిని చూసి చెప్పడం ఆయన పని. నేను కూడా ఆరు లక్షల్లో ఒకటి వెతుకుతున్నాను కాబట్టి, ఇది నాకు ఉచిత సలహా కూడా.

బావ: నీ దగ్గర ఫీజు అడిగితే మీ అక్క నాకు అన్నం పెట్టదు. చెప్పు, ఏవి చూశావు?

బామ్మర్ది: రెండున్నాయి. ఒకటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఏడేళ్ల బండి, 22,000 కిలోమీటర్లే తిరిగింది. పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీ ఆయన "షోరూమ్ కండిషన్ సార్" అంటున్నాడు. రెండోది మారుతి బ్రెజా డీజిల్, 2017 మోడల్, 95,000 తిరిగింది. రీడింగ్ చూసి అది వదిలేద్దామనుకుంటున్నాను.

బావ: నేనైతే ముందు ఆ బ్రెజానే చూస్తాను. సర్వీస్ బిల్లులు ఉన్నాయా?

బామ్మర్ది: ఉన్నాయట. ఒక్కడే ఓనరు. విజయవాడలో అత్తగారిల్లు, నెలనెలా వెళ్లొచ్చేవాడట.

బావ: మరి ఇంకేం కావాలిరా! హైవే మీద నాలుగో గేరులో, ఐదో గేరులో సాఫీగా పోయిన బండికి క్లచ్ అరగదు, బ్రేకులు అరగవు, ఇంజిన్ సరైన వేడిలో నడుస్తుంది. ఏడేళ్లలో 22,000 అంటే ఏడాదికి 3,000. అంటే పాలప్యాకెట్టుకి, స్కూలుకి, గుడికి. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తారు, ఆయిల్లో తేమ చేరుతుంది. పైగా "తిరగలేదు కదా" అని సర్వీసు ఎగ్గొడతారు. పది వేల కిలోమీటర్లు కాకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాలని పుస్తకంలో రాసి ఉంటుంది, ఎవరు చదువుతారు? నిలబెట్టిన బండికి టైర్లు గట్టిపడతాయి, రబ్బరు గొట్టాలు పగుళ్లిస్తాయి. సెల్లార్లో ఎలుకలు వైర్లు కొరికేస్తాయి. ఊళ్లో తిరుగుతుంటే ఇవేవీ బయటపడవు. ఎండాకాలంలో నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్లు పెట్టి ఘాట్ ఎక్కితే అప్పుడు ఒక్కొక్కటీ బయటికొస్తాయి.

బామ్మర్ది: అసలు ఆ 22,000 నిజమేనని నమ్మకమేంటి? మీటర్ వెనక్కి తిప్పుతారంటారు కదా.

బావ: తిప్పుతారు. ఇప్పుడు డిజిటల్ మీటర్లు, ల్యాప్‌టాప్ తగిలించి మార్చేస్తారు. నువ్వు చూడాల్సింది వేరే చోట ఉంది. బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిందా, స్టీరింగ్ పైభాగం మెరుస్తోందా, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు కుంగిపోయిందా. తర్వాత టైర్లు. ప్రతి టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉంటుంది. దాని చివర నాలుగంకెలు చూడు. 1823 అని ఉంటే 2023లో 18వ వారం తయారైన టైరు. నువ్వు చెప్పే బండి నిజంగా 22,000 తిరిగితే షోరూం నుంచి వచ్చిన టైర్లే ఉండాలి, వాటి మీద బండి తయారైన ఏడాదో, దానికి ముందు ఏడాదో కనపడాలి. కొత్త టైర్లుంటే, ఏళ్లయిపోయి మార్చారా, అరిగిపోయి మార్చారా అని అడుగు. జవాబు చెప్పేటప్పుడు మొహం చూడు.

బామ్మర్ది: పాత టైర్లే ఉంటే?

బావ: నిజాయితీ గల బండే, కానీ వాటితో హైవే ఎక్కొద్దు. ఏడేళ్ల టైరుకి గాడులు ఎంత లోతున్నా సరే. నాలుగు టైర్ల ఖర్చు ధరలోంచి తగ్గించమని అడుగు.

బామ్మర్ది: వరదల్లో మునిగిన కార్ల గురించి చెప్పండి. నాకు అసలు టెన్షన్ అదే.

బావ: టెన్షన్ పడాల్సిందే. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, 2015లోనూ 2023లోనూ చెన్నై. ఎన్ని బండ్లు నీళ్లలో నిలబడ్డాయో టీవీలో చూశాం కదా. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్, అంటే బాగుచేయడం దండగ, అని తేల్చిన బండ్లు కొన్ని వేలంలో పోతాయి, కడిగి తుడిచి మళ్లీ అమ్మకానికి వస్తాయి. అందుకే నేను వెళ్లగానే సీటు బెల్టు పూర్తిగా, చివరిదాకా లాగుతాను. సీటంతా షాంపూ పెట్టి కడుగుతారు గానీ, బెల్టు లోపల చుట్టుకుని ఉండే భాగం ఎవరూ ముట్టుకోరు. నీళ్లెక్కిన బండైతే అక్కడ మట్టి చార కనపడుతుంది. ఆ తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు పెట్టి చూడు, సన్నటి ఒండ్రు తగులుతుంది. సీటు ముందుకు జరిపి దాని కింద పట్టాలు, బోల్టులు చూడు. ఏడేళ్ల బండికి క్యాబిన్ లోపల తుప్పు ఎందుకొస్తుంది? కార్పెట్ ఎత్తి వాసన చూడు. కారెక్కగానే ఘాటుగా సెంటు కొడుతోందంటే నేను కిటికీలన్నీ మూసేసి పావుగంట కూర్చుంటాను. అమ్మేవాడికి చిరాకు పుడుతుంది, పుట్టనీ.

బామ్మర్ది: ఇంజిన్ బాగానే ఉంటే సర్దుకోవచ్చా?

బావ: ఇంజిన్ బాగుచేయొచ్చు. వైరింగ్ కనెక్టర్లలో దిగిన తేమే ప్రాణం తీస్తుంది. ఇవాళ పవర్ విండో, వచ్చే నెల ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లైటు, ఆ తర్వాత నడిరోడ్డు మీద స్టార్ట్ కాదు. లోపం ఎక్కడుందో ఏ మెకానిక్కూ ఒక పట్టాన దొరకదు. ధర సగానికి ఇచ్చినా వద్దు.

బామ్మర్ది: సరే, టెస్ట్ డ్రైవ్.

బావ: వెళ్లేముందు ఫోన్ చేసి, బండి స్టార్ట్ చేయొద్దని చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ముందే నడిపి ఉంచారని అర్థం, కారణం అడుగు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే నీలం పొగ, గలగల చప్పుడు దాచలేరు. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తీయించు. కాస్త ఆవిరి మామూలే. గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తే లోపల పిస్టన్ రింగులు అరిగాయన్నమాట.

బామ్మర్ది: కాలనీలో ఒక రౌండేసి రమ్మంటారు వాళ్లు.

బావ: ఒప్పుకోకు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించు, డీజిల్ నువ్వే కొట్టించు. 80 నుంచి 100 మధ్య స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగో, వంగిన రిమ్మో. అది చిన్న ఖర్చే. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే డిస్కులు. గుయ్‌మని ఒకటే మోత, అదీ మలుపులో పెరిగి తగ్గుతుంటే వీల్ బేరింగ్. మూడో గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కు. ఇంజిన్ అరుస్తోంది గానీ బండి ముందుకు దూకడం లేదంటే క్లచ్ పోయినట్టే. మీ అమ్మగారిని కూడా తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టు. గంట కూర్చుని ఆవిడ నడుం పట్టేసిందంటే ఇక ఆ బండి కథ అక్కడే అయిపోయింది.

బామ్మర్ది: మా అమ్మ ఏ బండెక్కినా అదే అంటుంది.

బావ: (నవ్వు) ఇంకోటి, తాళం తిప్పగానే మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే మంచిదనుకుంటారు జనం. యాక్సిడెంట్లో ఎయిర్‌బ్యాగులు పేలితే కొత్తవి వేయకుండా లైటు పీకేసేవాళ్లున్నారు. పాత బేస్ వేరియంట్లలో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు ఉండకపోవచ్చు కూడా. ఏబీఎస్ అన్ని కార్లకీ తప్పనిసరైంది 2019 ఏప్రిల్ నుంచే. హైవే బండికి ఆ రెండూ లేకపోతే నేను పక్కన పెట్టేస్తాను.

బామ్మర్ది: డీజిల్, పెట్రోల్ సంగతి? నా బడ్జెట్‌లో ఇన్నోవా కూడా చూడొచ్చంటున్నారు.

బావ: పాత ఇన్నోవా, 2016లో క్రిస్టా అనే కొత్త మోడల్ రాకముందుది, మొండి బండి. కాకపోతే దానికి ఇంజిన్ లోపలి భాగాల్ని ఒక లయలో తిప్పే టైమింగ్ బెల్ట్ అనే రబ్బరు పట్టీ ఉంటుంది, మార్చిన బిల్లు చూపించకపోతే కొన్న రోజే మార్పించు. తెగిందంటే ఇంజిన్ విప్పాల్సిందే. బ్రెజాలో 1.3 లీటర్ల డీజిల్‌కు దాని బదులు చైన్ ఉంటుంది, ఆ బాధ లేదు. మారుతి 2020లోనే డీజిల్ ఆపేసినా, ఆ ఇంజిన్ స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా అన్నింట్లో ఉండేది కాబట్టి పాడేరులో కూడా ఫిల్టరు దొరుకుతుంది. 2020 నుంచి వచ్చిన కాలుష్య ప్రమాణం బీఎస్6, ఆ డీజిల్ తీసుకుంటే మటుకు సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అనే మసి ఫిల్టరు ఉంటుంది. ఊళ్లోనే తిరిగిన బండికి అది పూడుకుపోతుంది. అక్కడా హైవే బండిదే పైచేయి. సీఎన్‌జీ అంటావా, సిలిండరే డిక్కీ తినేస్తుంది, సామాను ఒళ్లో పెట్టుకోవాలి.

బామ్మర్ది: ఢిల్లీ బండ్లు చవకగా వస్తున్నాయి కదా?

బావ: అక్కడ పదేళ్లు దాటిన డీజిల్‌కు ఆంక్షలున్నాయి కాబట్టి ముందే వదిలించుకుంటారు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అవన్నీ కలిపి లెక్క వేశాక చవక ఎంత మిగులుతుందో చూసుకో.

బామ్మర్ది: చివరగా కాగితాలు.

బావ: లోన్ తీరినట్టు బ్యాంకు ఎన్‌వోసీ, పేరు మార్పు కోసం ఫారం 29, 30, చలాన్లు క్లియర్. ఆర్సీ నీ పేరు మీదకు మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మార్పించుకోవాలి. ఫాస్టాగ్ మాట అందరూ మర్చిపోతారు. పాతాయనతో ఆయన ట్యాగ్ మూయించి, నీ పేరు మీద కొత్తది తీసుకో. లేకపోతే నువ్వు ఊరెళ్తుంటే డబ్బులు ఆయన ఖాతాలో కట్ అవుతాయి, ఆయన బ్లాక్ చేయిస్తాడు. అప్పుడు విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర యూపీఐతో ఒకటింపావు రెట్లు కట్టాలి. వెనకాల లైన్లో హారన్లు మోగుతుంటాయి, మీ అక్కేమో నాకు ఫోన్ చేస్తుంది.