చిన్న వెబ్ యాప్‌కి ముందు ఏ సర్వర్ పెట్టాలి: ఇంజిన్ఎక్సా, క్యాడీనా, అపాచీనా?

హలో అండీ, అందరికీ నమస్కారం. పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లైన ఫ్లాస్క్‌లోనో జాంగోలోనో ఒక చిన్న యాప్ రాశారు, లాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది, ఒక జీబీ ర్యామ్ రెండు కోర్లు ఉన్న సర్వర్ ఒకటి తీసుకున్నారు, ఇప్పుడు యాప్ ముందు, నెట్ నుంచి వచ్చే రిక్వెస్టుల్ని అందుకునే వెబ్ సర్వర్‌గా ఇంజిన్ఎక్స్ పెట్టాలా క్యాడీ పెట్టాలా అపాచీ పెట్టాలా అని ఆగిపోయారు. నన్ను చాలామంది ఇదే అడుగుతుంటారు, అడిగేవాళ్ళలో దాదాపు అందరూ ఏది ఫాస్ట్ అనే అడుగుతారు. ఈ సైజు యాప్‌కి ఆ లెక్క అసలు అక్కర్లేదండీ, మూడింట్లో ఏది పెట్టినా మీ డేటాబేస్ క్వెరీ పూర్తయ్యేలోపు దాని పని అది ముగించేసుకుని కూర్చుంటుంది.

మరి దేన్ని చూడాలి? నెమ్మదిగా ఉన్న యూజర్ కోసం ఎవరు వెయిట్ చేస్తున్నారు, అది చూడాలి. నాకు జరిగింది చెప్తా వినండి.

నా యాప్‌లో జనం ఫొటోలు అప్‌లోడ్ చేస్తారు. పైథాన్ యాప్‌ని నడిపే గనీకార్న్ అనే సర్వర్‌ని మూడు వర్కర్లతో, అంటే రిక్వెస్టులు చూసే మూడు ప్రాసెస్‌లతో పెట్టి, ముందు ఏమీ లేకుండా డైరెక్ట్‌గా నెట్‌కి తెరిచేశా. ఒకరోజు సాయంత్రం సైట్ ఎవరికీ ఓపెన్ అవ్వట్లేదు, సర్వర్‌లోకి వెళ్ళి టాప్ అనే కమాండ్ కొట్టి చూస్తే సీపీయూ ఖాళీగా ఉంది, ర్యామ్ కూడా ఉంది, లాగ్‌లో మాత్రం వర్కర్ టైమవుట్, వర్కర్ టైమవుట్ అని వరసగా పడుతోంది. టైమవుట్ అంటోంది కదా అని 30 సెకన్లు ఉన్నదాన్ని 300 చేశా. అంతే, ఇంకా ఘోరం అయిపోయింది.

ఎందుకో చూడండి. గనీకార్న్‌లో మనం ఏమీ చెప్పకపోతే వచ్చేది సింక్ వర్కర్, అంటే ఒక వర్కర్ ఒకసారి ఒక్క రిక్వెస్టే చూస్తుంది. సిగ్నల్ సరిగ్గా లేని ఫోన్ నుంచి ఒకరు 4 ఎంబీ ఫొటో పంపుతున్నారు, సెకనుకి 100 కేబీ వస్తోంది అనుకోండి, మొత్తం రావడానికి 40 సెకన్లు. ఆ 40 సెకన్లూ ఆ వర్కర్ వేరే పనేమీ చేయదు, బైట్లు ఎప్పుడొస్తాయా అని కాచుకుని ఉంటుంది. అలాంటివాళ్ళు ముగ్గురు ఒకేసారి వస్తే మూడు వర్కర్లూ అయిపోయాయి, నాలుగోవాడు హోమ్ పేజీ అడిగినా ఇచ్చేవాడు లేడు. టైమవుట్ 30 ఉన్నప్పుడు కనీసం వర్కర్‌ని చంపేసి కొత్తది లేపేది, నేను 300 చేసి ఆ దారి కూడా మూసేశా.

ఇంజిన్ఎక్స్ అసలు విలువ ఇక్కడుంది. 2004లో బయటికొచ్చినప్పటి నుంచి దాని డిజైనే అది, ఒకే ప్రాసెస్ వేల కనెక్షన్లు పట్టుకుని కూర్చోగలదు. ఆ ఫొటో మొత్తం అదే తీసుకుంటుంది, పెద్దదైతే డిస్క్‌లో టెంప్ ఫైల్‌గా పెట్టుకుంటుంది, అంతా వచ్చాకే గనీకార్న్‌కి ఒక్కసారిగా అందిస్తుంది. అందుకే గనీకార్న్ వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోనే ముందు ప్రాక్సీ, అంటే ఇలా మధ్యలో ఉండి రిక్వెస్టులు అందించే సర్వర్, పెట్టుకోండి అని గట్టిగా రాసి ఉంటుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఇంజిన్ఎక్స్ డిఫాల్ట్‌గా 1 ఎంబీ దాటిన అప్‌లోడ్‌ని ఒప్పుకోదు, 413 ఎర్రర్ ఇస్తుంది, మీ యాప్ లాగ్‌లో ఎంత వెతికినా ఏమీ కనపడదు ఎందుకంటే రిక్వెస్ట్ అక్కడిదాకా రానేలేదు. క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ అనే లైన్ పెంచుకోవాలి.

ఇక క్యాడీ. నాకు చాలా ఇష్టం అండీ, కాన్ఫిగ్‌లో డొమైన్ పేరు, లోపల రివర్స్ ప్రాక్సీ అని ఒక లైన్, అయిపోయింది, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ అదే తెచ్చుకుంటుంది, గడువు అయ్యేలోపు అదే రెన్యూ చేసుకుంటుంది. డొమైన్ మీ సర్వర్‌కి పాయింట్ అయి, 80, 443 పోర్టులు తెరిచి ఉంటే చాలు. కానీ క్యాడీ అప్‌లోడ్‌ని దాచుకోదు, వచ్చింది వచ్చినట్టు వెనక్కి పంపేస్తుంది, అంటే నేను చెప్పిన ఇబ్బంది మళ్ళీ మీ వర్కర్ మీదే పడుతుంది. అందుకని క్యాడీ పెడితే సింక్ వద్దు, గనీకార్న్‌లో జీథ్రెడ్ అనే వర్కర్ రకం పెట్టండి, ఇందులో ఒక్కో వర్కర్ ఒక్కో థ్రెడ్‌తో ఒక్కో రిక్వెస్ట్ చూస్తుంది, రెండు వర్కర్లు, ఒక్కోదానికి నాలుగు థ్రెడ్లు, ఒకేసారి ఎనిమిది మందిని చూసుకుంటుంది, ర్యామ్ కూడా పెద్దగా తినదు. కోర్లని రెండుతో గుణించి ఒకటి కలపమని ఒక లెక్క ఉంది, రెండు కోర్లకి ఐదు వర్కర్లు అవుతాయి, ఒక్కోటి 150 ఎంబీ తింటే 750 వాటికే పోతుంది, డేటాబేస్ కూడా అదే మెషీన్‌లో ఉంటే ఒక జీబీలో ఎలా సరిపోతుంది చెప్పండి.

అపాచీ, ఆల్రెడీ పీహెచ్‌పీ సైట్లు అదే మెషీన్‌లో నడుస్తుంటే దాన్నే వాడండి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేనైతే చెప్పను.

ఏది పెట్టినా గనీకార్న్‌ని 127.0.0.1, అంటే ఆ మెషీన్ లోపలికి మాత్రమే కనపడే అడ్రస్ మీదే వినమనండి, బయటికీ కనపడే 0.0.0.0 పెడితే ఫైర్‌వాల్ లేనిచోట జనం ప్రాక్సీని దాటేసి నేరుగా వచ్చేస్తారు. లినక్స్‌లో ప్రోగ్రామ్‌లని నడిపించే సిస్టమ్‌డిలో సర్వీస్‌గా పెట్టి, రీస్టార్ట్ ఆల్వేస్ అని రాసి, ఎనేబుల్ చేయండి, సర్వర్ రీబూట్ అయినా యాప్ దానంతటదే లేస్తుంది.

లైవ్‌లోకి వెళ్ళేముందు ఈ టెస్ట్ తప్పకుండా చేయండి. మీ లాప్‌టాప్‌లో టెర్మినళ్ళు తెరిచి, అన్నింట్లోనూ కర్ల్ అనే కమాండ్‌తో లిమిట్ రేట్ 50 కేబీ పెట్టి ఒక పెద్ద ఫొటో అప్‌లోడ్ మొదలుపెట్టండి, మీకు ఎన్ని వర్కర్లుంటే అంతకంటే ఒకటి ఎక్కువ టెర్మినళ్ళు. అవి నడుస్తుండగానే ఫోన్‌లో సైట్ తెరవండి. హోమ్ పేజీ టక్కున వస్తే మీ సెటప్ రెడీ, తిరుగుతూనే ఉంటే ఫొటో కోసం మీ వర్కర్లే ఇంకా కాచుకుని ఉన్నట్టు.