లీవర్ ఉన్నదల్లా కౌబాయ్ తుపాకీ కాదండీ బాబూ! సావేజ్ 99 సంగతి

[స్క్రీన్ మీద: సావేజ్ 99, ఎడమవైపు నుంచి]

ఈ ఫొటో ఎవరికి చూపించినా ఒకటే మాట. "ఓ, కౌబాయ్ తుపాకీనా!" కింద లీవర్ కనిపిస్తే చాలు, గుర్రం, టోపీ, నోట్లో చుట్ట, అన్నీ అతికించేస్తారు. నాకేమో ఒళ్లు మండుతుంది. ఆ లీవర్ ఒక్కటి తీసేస్తే, లోపల దీనికీ దానికీ పోలికే లేదు.

ముందే ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక వేట నేరం. ఇది అమెరికాలో జింకల వేటకి వాడే రైఫిల్. మనం చూసేది దాని పనితనం, అంతవరకే.

[ట్యూబ్ మేగజైన్ బొమ్మ]

మామూలు లీవర్ రైఫిల్, వించెస్టర్ 94 లాంటిది తీసుకోండి. బ్యారెల్ కింద ఒక గొట్టం. అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి. రేషన్ షాపు ముందు క్యూ అనుకోండి, అందరి చేతుల్లో గొడుగులు, మొనలు ముందుకి. వెనకవాడి గొడుగు మొన ముందువాడి వీపుకి ఆనుతూ ఉంటుంది. తూటా వీపు మీద ఉండేది ప్రైమర్, అంటే గట్టిగా తగిలితే అంటుకునే భాగం. రైఫిల్ పేలినప్పుడు వెనక్కి తన్నుతుంది కదా, క్యూ మొత్తం కుదుపుకి లోనవుతుంది. ఆ మొన ప్రైమర్‌ని పొడిచిందా, గొట్టంలోనే పేలుతుంది. అందుకే వాటిలో మొద్దు ముక్కు బుల్లెట్లే వాడేవాళ్లు (బుల్లెట్ అంటే తూటా ముందుండి ఎగిరిపోయే ముక్క). మొద్దు ముక్కు గాలిని చీల్చలేదు, దూరం పోయేకొద్దీ నీరసపడిపోతుంది. మెత్తటి మొన ఉన్న తూటాలు వచ్చాయి గానీ అది 2000 దాటాక ముచ్చట, అప్పటికే మన 99 మూతపడింది.

ఇక్కడ వస్తాడు ఆర్థర్ సావేజ్. పుట్టింది జమైకాలో, కంపెనీ పెట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికాలో. తర్వాత కారు టైర్ల వైపు కూడా వెళ్లాడు, అదో పెద్ద కథ, ఇంకోసారి చెప్తా. ఈయన 1899 మోడల్‌లో, అదే తర్వాత మన 99 అయింది, ఏం చేశాడంటే, క్యూ ఎత్తేసి జాతరలో జెయింట్ వీల్ పెట్టాడు!

[రోటరీ మేగజైన్ యానిమేషన్]

మధ్యలో గాడులున్న చిన్న చక్రం. ఒక్కో తూటాకి ఒక్కో సీటు. ఎవడి గొడుగు వాడి ఒళ్లోనే, ఇంకొకరికి తగిలే పనే లేదు. ఒక్కొక్కటీ పైనుంచి నొక్కుతుంటే చక్రం తిరుగుతూ స్ప్రింగ్ బిగుసుకుంటుంది. మన జాతరలో కింద ఎక్కి కింద దిగుతాం, ఇక్కడ ఎక్కడం దిగడం రెండూ పైనే. చివర ఎక్కినవాడే ముందు దిగుతాడు. లీవర్ లాగి మూసినప్పుడల్లా ఒకడు దిగి ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా పేలే గదిలోకి, నడుస్తాడు.

వీల్ దగ్గర టిక్కెట్లు లెక్కపెట్టేవాడు ఉంటాడు కదా, సావేజ్ వాడినీ వదల్లేదు! పెన్సిల్వేనియాలో మా పక్కింటి పెద్దాయన వాళ్ల నాన్నగారి 99 చూపించాడు. ఎడమవైపు బఠాణీ గింజంత కిటికీ. అందులో ఇత్తడి మీద చెక్కిన అంకె. ఆయన తూటా నొక్కినప్పుడల్లా అంకె జరిగింది: 1, 2, 3... ఐదు దాకా. చెయ్యి వేసి మోసేది సరిగ్గా చక్రం ఉండే ఇనుప పెట్టె కిందే, అక్కడ నల్లరంగు అరిగిపోయి వెండిలా తేలింది. పైకి హ్యామర్, అంటే తూటాని పేల్చే సుత్తి, లేదు, కోటుకి తట్టుకునేదేమీ లేదు. నన్నడిగితే జనం ఈ రైఫిల్ మీద మనసు పారేసుకోవడానికి సగం కారణం ఆ ఇత్తడి అంకే.

మిగతా సగం వేగం. మొన బుల్లెట్ వేయొచ్చని తేలాక ఊరుకుంటారా? 1915లో ఛార్లెస్ న్యూటన్ తయారుచేసిన 250-3000 తూటా వచ్చింది. పేరులో 3000 అంటే సెకనుకి 3000 అడుగులు. ఆ అంకె ప్రకటనల్లో వేసుకోవడానికే బుల్లెట్ బరువు 87 గ్రెయిన్లకి తగ్గించారు, ఐదున్నర గ్రాముల పైచిలుకు. వ్యాపారం అంటే అది! 1920లో 300 సావేజ్. పొట్టిది, గట్టిది. తర్వాత అమెరికా సైన్యం 7.62 నాటో తూటా కోసం ప్రయోగాలు మొదలెట్టింది ఈ 300 తూటా ఇత్తడి గుల్లతోనే. ఆ ప్రయోగాల్లోంచే 308 తూటా వచ్చింది, 1950ల్లో అదీ ఈ 99లోనే దూరింది. మనవడు తాతగారింటికి వచ్చినట్టు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఎందుకు ఆపేశారు? ఖర్చు. ఇంత మెషీనింగ్ పని, అదే బోల్ట్ రైఫిల్, అంటే గడియలా వెనక్కి లాగి తోసేది, చవగ్గా చేసుకోవచ్చు. 1965లో 99సీ అని ఊడదీసే మేగజైన్ పెట్టారు, అందులో జెయింట్ వీల్ లేదు, అంకె లేదు. నాకు నచ్చదు. 1990ల చివరికి మొత్తం ఆగిపోయింది. కొనేవాళ్లు చూసుకోవాల్సినవి: పాతవాటికి స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించే రంధ్రాలు ఉండవు, తర్వాత ఎవరైనా డ్రిల్ చేయించి ఉంటే సేకరించేవాళ్లు ధర తగ్గిస్తారు. చెక్క వెనక భాగంలో పగుళ్లు చూడండి. 303 సావేజ్ అనే పాత తూటాకి చేసిన 99 కొంటే ఆ తూటాలు దొరకడం కష్టం.

ఇంకొక్కటి, ఇది మాత్రం వినండి. కిటికీలో సున్నా కనిపిస్తే రైఫిల్ ఖాళీ అనుకోకండి! లెక్క చక్రంలో ఉన్నవాళ్లది మాత్రమే. దిగినవాడు ఛాంబర్‌లో నిలబడి ఉండొచ్చు. మా పెద్దాయన సున్నా చూశాక కూడా లీవర్ తీసి, లోపలికి చిటికెనవేలు పెట్టి తడిమాకే నా చేతికిచ్చాడు.