మేత సంచి మీద ప్రొటీన్ అంకె ఒక్కటే చాలా? – స్టూడియో చర్చ

యాంకర్: చేపల మేత సంచి మీద ‘ప్రొటీన్ 28 శాతం’ అని వేస్తే చాలా, అందులోని లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు ఎంతో కూడా ముద్రించాలా? ఇదీ ఇవాళ్టి గొడవ. ముందు ఇది చెప్పండి, యూరియా కల్తీ ఉందా లేదా?

పోషణ నిపుణురాలు: దానికి వస్తానండీ. చేపకు తప్పనిసరి అమైనో ఆమ్లాలు, అంటే ఒంట్లో తయారు కాక మేతలోంచే అందాల్సిన ప్రొటీన్ ముక్కలు, పది. బంగారుతీగ చేపకు మేత ప్రొటీన్‌లో 5.7 శాతం లైసిన్ కావాలి. అంటే 28 శాతం ప్రొటీన్ మేతలో కిలోకు 16 గ్రాములు. వేరుశనగ చెక్క ప్రొటీన్‌లో మూడున్నర శాతం దగ్గరే ఆగుతుంది...

చేపల రైతు: ఒక్క నిమిషం మేడమ్! కొల్లేరు చుట్టూ శీలావతి, బొచ్చె పెరిగేది డీఓబీ (నూనె తీసిన తవుడు), చెక్క మీదే. సంచికి చిల్లులు పెట్టి కర్రకు కడతాం, తింటాయి. లైసిన్ పేరు చెప్పి గుళికల మేత అంటగడతారా?

నిపుణురాలు: లైసిన్ లోటు తీరుస్తున్నది ప్లవకమండీ, అంటే నీళ్లలో తేలే సన్నటి జీవులు. చేప బరువెక్కేకొద్దీ ఒక్కోదానికి అందే ప్లవకం తగ్గి...

రైతు: ఆ ప్లవకం పెరగాలనేగా పేడ, సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వేసేది! యూరియా కూడా చెరువులోనే చల్లుతాం.

యాంకర్: ఆ, యూరియా! మేతలో కలిపితే?

మేత వ్యాపారి: ల్యాబ్‌లో కొలిచేది నత్రజనిని. దాన్ని 6.25తో గుణించి ప్రొటీన్ అంటారు. యూరియాలో నత్రజని 46 శాతం. టన్నుకు పది కిలోలు పడితే కాగితం మీద ప్రొటీన్ దాదాపు 3 శాతం పెరుగుతుంది. చేప ఒంటికి పట్టేది ఏమీ ఉండదు.

యాంకర్: అంటే మోసమే!

వ్యాపారి: కలిపితే మోసం. అందరూ కలుపుతారని నేననలేదు.

నిపుణురాలు: కల్తీ లేకపోయినా చిక్కేనండీ. పత్తి చెక్క తీసేటప్పుడు వేడి ఎక్కువైతే పత్తి గింజలో ఉండే గాసిపాల్ అనే పదార్థం లైసిన్‌ను పట్టేసుకుంటుంది. ప్రొటీన్ అంకె మారదు, చేపకు మాత్రం అందదు.

రైతు: అయితే లైసిన్ పొడి కొని డీఓబీలో కలిపేస్తాం. సరిపోయిందా?

నిపుణురాలు: టన్ను మేతకు లైసిన్ 2 కిలోలు తక్కువైతే, మీరనే పొడి, అంటే లైసిన్ హైడ్రోక్లోరైడ్, రెండున్నర కిలోలు పట్టాలి, అందులో లైసిన్ 78 శాతమే కాబట్టి. చిల్లుల సంచిలో వేస్తే నీళ్లపాలే. గుళికలో పెట్టినా, ఈ జాతులకు పొట్ట లేదు, పేగే. విడి లైసిన్ ముందే రక్తంలోకి పోతుంది, చెక్కలోని మిగతా అమైనో ఆమ్లాలు వెనకబడతాయి. జత కుదరక కండ కట్టదు, మొప్పల్లోంచి అమ్మోనియాగా పోతుంది. అందుకే రోజు మేతను మూడు నాలుగు దఫాలుగా...

రైతు: నాలుగు దఫాలకు కూలి ఎవరిస్తారండీ? మళ్లీ చెప్తున్నా, డీఓబీ మీదే పెరుగుతున్నాయి!

[ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు]

యాంకర్: రైతు మాటలో బలముంది. ఆఖరి మాట ఆయనదే.

రైతు: అంకెలు తర్వాత, ముందు మేత ధర తగ్గించండి.

నిపుణురాలు: మెథియోనిన్ ఊసే రాలేదు, సోయా చెక్కలో తక్కువయ్యేది అదేనండీ...

యాంకర్: సమయం లేదు మేడమ్. రేపు యూరియా మీదే కూర్చుందాం.