“మతం లేదు” అనే గడిలో ఎవరున్నారు?

అందరికీ నమస్కారం.

2001 ఏప్రిల్ 29న బ్రిటన్ అంతటా జనగణన జరిగింది. మతం లేదని రాసినవాళ్లు ఇంగ్లండ్, వేల్స్‌లలో 14.8 శాతం. పక్కనే ఉన్న స్కాట్లండ్‌లో సుమారు 27.5 శాతం. ఒకే దీవి, ఒకే రోజు. స్కాట్లండ్ వాళ్లు అంత నాస్తికులా అని తొందరపడే ముందు రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇంగ్లండ్ ఫారం “మీ మతం ఏది?” అని అడిగింది. ఏదో ఒకటి ఉండే ఉంటుందన్న ఊహ ఆ ప్రశ్నలోనే ఉంది. క్రైస్తవులందరికీ కలిపి ఒకటే గడి. పైగా జాతి వివరాలు అడిగాక వచ్చిన ప్రశ్న కాబట్టి, చాలామంది దాన్ని కూడా “మీరు ఎవరు?” అన్న అర్థంలోనే తీసుకున్నారని కొందరు సామాజికవేత్తల వాదన. స్కాట్లండ్ ఫారం మాత్రం “మీరు ఏ మతానికి, శాఖకు లేదా సంస్థకు చెందినవారు?” అంది. చర్చ్ ఆఫ్ స్కాట్లండ్‌కు ఒక గడి, రోమన్ కాథలిక్కులకు ఒక గడి. చిన్నప్పుడు బాప్టిజం పొంది ఆ తర్వాత చర్చి గుమ్మం తొక్కని మనిషి మొదటి ఫారంలో క్రైస్తవుడు. రెండోదాంట్లో బహుశా ఎవరూ కాడు. తేడా అంతా ప్రశ్నదే అనలేం కానీ, దాని వాటా చిన్నది కాదు. మరో ఆధారం: 2011 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లలో మతం లేనివాళ్లు పాతిక శాతం. అదే కాలంలో “మిమ్మల్ని మీరు ఏదైనా ఒక మతానికి చెందినవారుగా భావిస్తున్నారా?” అని అడిగిన బ్రిటిష్ సర్వేలో సగానికి దగ్గరగా వచ్చారు.

మాటల విషయంలో ఇక్కడే ఒక జాగ్రత్త. లౌకికవాదం అంటే రాజ్యం మతంతో ఎలా వ్యవహరించాలన్న సిద్ధాంతం. లౌకికీకరణ అంటే సమాజంపై మతం పట్టు సడలే మార్పు. మతరాహిత్యం మనుషుల స్థితి. తెలుగులో ఈ మూడింటినీ కలగలిపేస్తుంటాం. లౌకికీకరణ కూడా ఒకటే మార్పు కాదు. సామాజికవేత్త హొసే కసనోవా 1994లో దాన్ని మూడు పాయలుగా విడదీశాడు: చదువు, న్యాయం, పాలన మతం చేతి నుంచి విడివడటం, విశ్వాసమూ ఆచరణా తగ్గటం, మతం సొంత వ్యవహారంగా మారటం. ఒకటి జరిగితే మిగతావి జరగాలని లేదు. “లౌకికీకరణ నిజమా అబద్ధమా” అనే వాదనల్లో సగం, ఇద్దరూ వేర్వేరు పాయల గురించి మాట్లాడుకోవటం వల్లే.

ఇక మతం లేనివాళ్లందరూ నాస్తికులన్న అపోహ. అమెరికాలో ప్యూ అనే పరిశోధన సంస్థ 2023 సర్వే ప్రకారం వయోజనుల్లో 28 శాతం ఏ మతానికీ చెందరు. వాళ్లలో నాస్తికులమని చెప్పుకున్నవాళ్లు 17 శాతం, అజ్ఞేయవాదులు, అంటే దేవుడున్నాడో లేడో తెలియదనేవాళ్లు, 20 శాతం. మిగిలిన 63 శాతం “ప్రత్యేకంగా ఏదీ కాదు” అన్నవాళ్లు. దేవుణ్ణో ఏదో ఒక శక్తినో నమ్మేవాళ్లు వీళ్లలో చాలామందే. (2001 జనగణనలో తమ మతం “జెడై”, అంటే స్టార్ వార్స్ సినిమాల్లోని యోధుల పంథా, అని రాసిన 3,90,000 మందిని కూడా ఇంగ్లండ్, వేల్స్ గణాంక శాఖ మతం లేనివాళ్లలోనే కలిపింది. పాపం, వాళ్ల గురువులు ఒప్పుకుంటారో లేదో.)

అసలు “మతం” అన్న మాటే అన్నిచోట్లా ఒకే కొలతనివ్వదు. చైనా భాషలో దానికి వాడే “జోంగ్‌జ్యావ్” సంఘటిత మతాలను సూచించే ఆధునిక పదం. 2018లో ఆ పదంతో అడిగితే తమకు ఏదో ఒక మతం ఉందన్నవాళ్లు పదిశాతమే. అదే ఏడు మరో సర్వే బుద్ధుణ్ణో బోధిసత్వుణ్ణో నమ్ముతారా అని అడిగితే 33 శాతం ఔనన్నారు. అందుకే ప్రశ్నావళి రాసేటప్పుడు గుర్తింపు, నమ్మకం, ఆచరణ మూడింటినీ విడివిడిగా అడగాలి. ఒకదాన్ని బట్టి ఇంకోటి ఊహించకూడదు.

సరిగా అడిగినా జవాబు సరిగా రాకపోవచ్చు. వారం వారం చర్చికి వెళ్తామని అమెరికాలో 40 శాతం చెబుతున్న రోజుల్లో, 1993లో ముగ్గురు పరిశోధకులు చర్చిల్లో హాజరు లెక్కతో పోల్చారు. వచ్చేవాళ్లు అందులో సుమారు సగమే. అవిశ్వాసం విషయంలో దాపరికం తిరగబడుతుంది: దేవుణ్ణి నమ్మనని ఎదుటివాడి ముందు చెప్పటం కష్టం. దీనికి ఒక ఉపాయం ఉంది. మనుషుల్ని యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేస్తారు. మొదటి గుంపుకు మామూలు వాక్యాల జాబితా ఇచ్చి, ఎన్ని మీకు వర్తిస్తాయో సంఖ్య మాత్రం చెప్పమంటారు. రెండో గుంపుకు అదే జాబితాలో “దేవుణ్ణి నమ్మను” అన్నది అదనం. రెండు సగటుల తేడాయే నమ్మనివాళ్ల నిష్పత్తి. ఎవరు నమ్మరో మాత్రం ఎవరికీ తెలియదు. 2018లో ఈ పద్ధతితో ఇద్దరు మనస్తత్వవేత్తలు అమెరికాలో 26 శాతం అని అంచనా కట్టారు. నేరుగా అడిగితే వచ్చేదానికి ఇది చాలా ఎక్కువ. అయితే అదే అధ్యయనంలో పరీక్ష కోసం పెట్టిన ఒక అర్థరహితమైన లెక్కల వాక్యానికి కూడా గణనీయమైన శాతమే వచ్చింది. శ్రద్ధ లేకుండా చదివేవాళ్లు ఈ తేడాను ఉబ్బిస్తారు. కాబట్టి 26ను ఖాయమైన సంఖ్యగా ఉటంకించటం తప్పు.

చివరిగా, మార్పు ఎలా వస్తోంది? నమ్మేవాళ్లు నడివయసులో మనసు మార్చుకోవటం కన్నా, పిల్లలకు మతం అందకపోవటమే పెద్ద కారణం. బ్రిటన్ సమాచారంతో వోస్, క్రాకెట్ అనే పరిశోధకులు 2005లో తేల్చినదిది: తల్లిదండ్రులిద్దరికీ మతం ఉంటే బిడ్డకు అందే అవకాశం సుమారు సగం. ఒక్కరికే ఉంటే అందులోనూ సగం. ఇద్దరికీ లేకపోతే బిడ్డకూ ఉండకపోవటం దాదాపు ఖాయం. 2021 నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లలో మతం లేనివాళ్లు 37.2 శాతం, వాళ్ల మధ్యస్థ వయసు (సగం మంది అంతకన్నా చిన్నవాళ్లు, సగం మంది పెద్దవాళ్లు) 32, క్రైస్తవులది 51.

కానీ ఈ రెండు వయసులు చూసి తరం మారిందని వెంటనే తీర్మానించకండి. వయసు మీద పడితే భక్తి వస్తుందన్నది నిజమైనా ఒక్క జనగణనలో ఇలాగే కనిపిస్తుంది. వయసు, పుట్టిన ఏడు, సర్వే జరిగిన ఏడు: రెండు తెలిస్తే మూడోది దానంతటదే తేలిపోతుంది, అందుకే మూడింటి ప్రభావాల్నీ ఒక్క లెక్కలో వేరుచేయలేం. ఒకే దశాబ్దంలో పుట్టినవాళ్లను ఇరవై, ముప్పై ఏళ్ల పాటు అవే ప్రశ్నలతో అడుగుతూ పోవాలి. బ్రిటన్‌లో అలా చూసినప్పుడు ఒక్కో తరంలో మతం ఉన్నవాళ్ల శాతాన్ని చూపే గీత దాదాపు సమతలంగానే సాగింది, పైకి వంగలేదు. ప్రతి కొత్త తరం గీత మాత్రం ముందుదానికన్నా కింద మొదలైంది.