రాజమండ్రి మెయిన్ రోడ్డు: కొట్లు, కట్టడాలు, చిట్టాలు

పెద్దలకీ మిత్రులకీ నమస్కారం.

రాజమండ్రి చరిత్ర అనగానే మనవాళ్ళు రాజరాజనరేంద్రుడితో మొదలుపెట్టి, నన్నయ గారి మీదుగా కాటన్ దొర దాకా వచ్చి ఆగిపోతారు. నేను అంత దూరం వెళ్ళను. కోటగుమ్మం దగ్గర దిగి మెయిన్ రోడ్డు మీద నడుస్తాను. నన్నయ గురించి చెప్పేవాళ్ళు మనకి చాలామందే ఉన్నారు. కొట్ల గురించి చెప్పేవాళ్ళే కరువు.

అసలు ఈ వీధికి డబ్బెక్కడిది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టాలో నీళ్ళు పారాయి, కాలవల్లో పడవలు తిరిగాయి, ధాన్యం అమ్మిన రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడాయి. పెళ్ళి బట్టలకీ బంగారానికీ ఆ రూపాయలు రాజమండ్రి చేరాయి. 1900లో హేవలాక్ వంతెన మీద రైలు నడిచాక, కొవ్వూరు వైపు జనానికి పడవ కోసం రేవులో పడిగాపులు కాసే పని తప్పింది. ఇక కలప సంగతి. ఏజెన్సీలో కొట్టిన టేకు దుంగల్ని తెప్పలుగా కట్టి గోదావరి మీదే కిందికి తెచ్చేవారు. ఏటి ఒడ్డున ఊరు కదా, కొట్లకి మంచి దూలాలు దొరికాయి.

టౌన్ హాలు ముందు నుంచి రోజూ వెళ్తాం. 1890లో వీరేశలింగం గారు కట్టించారు. ఆయన అంతకుముందే, 1881 డిసెంబరు 11న, ఈ ఊళ్ళో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరంతా వెలేస్తామన్న రోజుల్లో ఆ ఉద్యమానికి డబ్బిచ్చినవాడు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు. సంస్కరణ చరిత్రలో గల్లాపెట్టెకీ వాటా ఉందని నా వాదన. పాఠ్యపుస్తకాలు మాత్రం ఆ వాటాని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి.

రత్నం పెన్నుల దగ్గర కాసేపు ఆగుదాం. కె.వి. రత్నం గారు మొదట నగలకి అచ్చులు చేసే పనిలో ఉండేవారు. అందరికీ పనికొచ్చే వస్తువేదైనా చెయ్యమని గాంధీగారు చెప్పారట. 1932లో పెన్నుల పని మొదలైంది. మొదటి పెన్నులో విదేశీ భాగాలున్నాయని గాంధీగారు ఒప్పుకోలేదు. మళ్ళీ చేసి పంపారు. 1935 జులైలో వార్ధా నుంచి ఉత్తరం వచ్చింది: వాడి చూశాను, బజారులో దొరికే విదేశీ పెన్నులకి బదులు బాగానే పనికొస్తుంది అని. మెచ్చుకోవడంలో గాంధీగారి చెయ్యి పెద్దది కాదు, ఆ మాత్రం అన్నారంటే చాలా అన్నట్టే.

ఎబొనైట్ పెన్ను తయారయ్యేది చూడకపోతే ఒకసారి చూడండి. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరే ఎబొనైట్. ఆ కడ్డీని లేతు మీద బిగించి తిప్పుతారు. ఉలి ఆనగానే నల్లటి పొట్టు రింగులు రింగులుగా రాలుతుంది, గంధకం కంపు ముక్కుకి తగులుతుంది. మూతకి మర కోసి, బిగించి చూసి, మళ్ళీ విప్పి ఇంకాస్త తీస్తారు.

పాత కొట్ల తలుపులు కూడా చూడదగ్గవే. షట్టర్లు రాకముందు నిలువు చెక్క పలకలుండేవి. ఒక్కో పలక మీద నంబరు. రాత్రి కొట్టు కట్టేటప్పుడు ఒకటో నంబరు నుంచి గాడిలో దించుకుంటూ పోవాలి. వరస తప్పితే చివరి పలక పట్టదు, మళ్ళీ మొదటికే. కొత్తగా చేరిన గుమాస్తా కుర్రాడికి అది మొదటి పరీక్ష.

2027లో పుష్కరాలు. పన్నెండేళ్ళకోసారి పుష్కరాలొస్తాయి, వాటితోపాటే రోడ్డు వెడల్పు పనులూ వస్తాయి. వెడల్పు చెయ్యొద్దని నేననను. పండగల సీజన్లో ఆ రోడ్డు మీద బండి నడిపినవాడెవడూ అనడు. కాకపోతే గునపం పడేలోపు మనం చెయ్యాల్సిన పనులున్నాయి. ఎదురు వైపు నుంచి ప్రతి కొట్టుకీ ఒక ఫొటో తియ్యాలి. ఫ్లెక్సీల వెనక, పిట్టగోడ మీద సున్నంతో దిద్దిన సంవత్సరాలుంటాయి, అవి రాసుకోవాలి. మీ తాతగారి చిట్టా, ఆవర్జా లాంటి లెక్కల పుస్తకాలు, ఇంటిపన్ను రసీదులు అటక మీద ఉంటే పాత పేపర్లవాడికి వెయ్యకండి. 1940ల్లో పంచె ఖరీదెంత, ఎవరు అప్పు పెట్టారు, పంట చేతికొచ్చాక తీర్చారా లేదా, అన్నీ అందులోనే ఉంటాయి. అప్పుల పేర్లు బయటపెడతామని టెన్షన్ పడొద్దు, పేర్లు మూసేసే ఫొటో తీద్దాం.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి, కొట్లు తెరవకముందు, టౌన్ హాలు దగ్గర కలుద్దాం. ఫ్లెక్సీ ఎత్తి చూడటానికి ఆ కొట్టువాళ్ళని నేను అడిగి ఉంచుతాను. పొడుగాటి నిచ్చెన ఒకటి కావాలి. ఎవరి దగ్గరైనా ఉంటే వెళ్ళేలోపు చెప్పండి.