ఎంఎంటీఎస్ వేళకు రాకపోతే ఎవరిని, ఏమని అడగాలి?

నిర్వాహకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ బండ్లు, అంటే నగరంలో తిరిగే లోకల్ రైళ్లు, 2003 ఆగస్టు 9న మొదలయ్యాయి. ఆ తర్వాత రెండు దశాబ్దాలు దాటినా, ప్లాట్‌ఫారంపై నిలబడి బండి కోసం ఎదురుచూసేవారి ప్రశ్నలు మాత్రం పెద్దగా మారలేదు. వాటికి జవాబు చెప్పడానికి రైల్వే ఆపరేటింగ్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన అధికారి ఒకరు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ లింగంపల్లి నుంచి.

శ్రోత (లింగంపల్లి): నమస్కారమండీ. నేను రోజూ బేగంపేటలో ఉద్యోగానికి వెళ్తాను. బండి ఎక్కిన తర్వాత స్టేషన్ కాని చోట ఆగిపోయి, ఏదో ఎక్స్‌ప్రెస్ ముందుకు పోయేదాకా కదలకపోవడమే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే మా కార్యాలయంలో ఒక పూట జీతం కోస్తారు. పాత పెట్టెలు తీసేసి కొత్తవి వేస్తే ఈ అవస్థ తీరుతుందా? ఆలస్యానికి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

నిపుణుడు: కొత్త పెట్టెలు రావాల్సిందే, సందేహం లేదు. ఒక బండిగా కలిపి నడిపే పెట్టెల వరుసను రేక్ అంటాం. పాత రేక్‌లలో మరమ్మతుల భారం పెరుగుతుంది, ఒకటి షెడ్డుకు వెళితే దాని బదులు తిప్పడానికి మరొకటి ఉండదు, అప్పుడు సర్వీసు రద్దవుతుంది. అయితే మీరు చెప్పిన అవస్థ పెట్టెల వల్ల వచ్చింది కాదు. మొదటి దశలో ఎంఎంటీఎస్‌కు ప్రత్యేకంగా పట్టాలు వేయలేదు. సికింద్రాబాద్ నుంచి కర్ణాటకలోని వాడి జంక్షన్ వైపు వెళ్లే పాత లైన్‌నే ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు, మీ లోకల్ బండ్లు పంచుకుంటున్నాయి. ఒక బండి ఫలానా నిమిషానికి ఫలానా సెక్షన్, అంటే లైన్‌లో ఫలానా భాగం, దాటాలని ఇచ్చే చోటును మేము ‘పాత్’ అంటాం. లోకల్ బండి రెండు మూడు కిలోమీటర్లకు ఒకసారి ఆగుతుంది కనుక దాని వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్ కూడా దాని నడకే నడవాలి. ఎక్కడో గంట ఆలస్యమైన ఎక్స్‌ప్రెస్ సరిగ్గా ఉదయం తొమ్మిదికి నగర శివారుకు చేరితే, దాన్ని ముందు పంపి లోకల్‌ను ఆపడమే బండ్ల నడకను నియంత్రించే కంట్రోలర్‌కు సులభమైన దారి. పైగా లింగంపల్లి, నాంపల్లి, సికింద్రాబాద్ దారులు మూడూ హుస్సేన్ సాగర్ జంక్షన్ దగ్గర కలుస్తాయి. అక్కడ ఒక బండి దాటుతున్నంతసేపు మరొకటి నిలబడక తప్పదు. నేను కూడా ఉద్యోగంలో ఉండగా లోకల్‌ను ఆపినవాడినే, కనుక ఎదుటివారి మీద నెపం వేసి చెప్పడం లేదు.

ఇక కమిషన్ సంగతి. బండి నాలుగు గంటలు ఆలస్యమై విమానం తప్పిపోయిన ఒక ప్రయాణికుడికి పరిహారం ఇవ్వాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలస్యానికి తగిన కారణం చూపే బాధ్యత రైల్వేదేనని కూడా చెప్పింది. అయితే ఐదు రూపాయల టికెట్టుతో ఇరవై నిమిషాల ఆలస్యాన్ని ఆ తూకంలో వేస్తే నెగ్గడం కష్టం. మీ సమయం, ఖర్చు అందులో పెట్టమని నేను సలహా ఇవ్వను. ఆఫీసు వేళకు ఒక బండి ముందుది పట్టుకోండి. మీరు ఎక్కే బండి నంబరు రాసిపెట్టుకోండి, దానితో పని ఉంది, తర్వాత చెబుతాను.

నిర్వాహకురాలు: తర్వాతి ఫోన్ మేడ్చల్ నుంచి.

శ్రోత (మేడ్చల్): ఎంఎంటీఎస్ రెండో దశ మా వైపు వస్తుందన్న మాట నమ్మి మేము ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాం సార్. లైన్ వచ్చింది, కరెంటు తీగలు వచ్చాయి, స్టేషన్లు కట్టారు. బండ్లు మాత్రం ఒకటి పోతే రెండోది ఎప్పుడొస్తుందో తెలియనంత తక్కువగా ఉన్నాయి. ఇంత ఖర్చు పెట్టి ఇలా ఎందుకు వదిలేశారు?

నిపుణుడు: రెండో దశ 2012–13లో సుమారు 816 కోట్ల రూపాయల అంచనాతో మంజూరైంది. అందులో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలని ఒప్పందం. మొదటి దశలో ఇద్దరూ చెరిసగం పెట్టుకున్నారు. ఇద్దరు యజమానులున్న పనిలో ఒకరి వాయిదా ఆగితే రెండోవారు ఎదురుచూస్తారు, కాంట్రాక్టరు ఇద్దరి కోసమూ ఎదురుచూస్తాడు. సనత్‌నగర్–మౌలాలి మధ్య రక్షణ శాఖ భూముల చిక్కు కూడా తోడైంది. చివరకు సికింద్రాబాద్–మేడ్చల్, ఫలక్‌నుమా–ఉందానగర్ మార్గాల్లో 2023 ఏప్రిల్ 8న బండ్లు మొదలయ్యాయి. మౌలాలి–సనత్‌నగర్ మీదుగా ఘట్‌కేసర్–లింగంపల్లి సర్వీసు 2024 మార్చిలో వచ్చింది. అంటే మంజూరు నాటికి బడిలో చేరిన పిల్ల ఇంటర్ దరిదాపులకు వచ్చింది.

లైన్ పొడవు పెరిగిన స్థాయిలో రేక్‌లూ, వాటిని నడిపే సిబ్బందీ పెరగకపోతే ఉన్నవాటినే పల్చగా పరచాలి. కోవిడ్‌కు ముందు పాత మార్గాల్లోనే రోజుకు 121 సర్వీసులు తిరిగేవి. 2020 మార్చిలో ఆగిన బండ్లు 2021 జూన్‌లో మళ్లీ మొదలయ్యాయి కానీ, ఆ సంఖ్య వెంటనే తిరిగి రాలేదు. ఈలోగా రోజువారీ ప్రయాణికులు మెట్రోకో, ద్విచక్ర వాహనానికో అలవాటు పడ్డారు. బండ్లు తక్కువ కనుక జనం ఎక్కరు, జనం ఎక్కడం లేదు కనుక బండ్లు పెంచరు. మేడ్చల్ వాసులకు నా సలహా ఒక్కటే. ‘మరిన్ని బండ్లు కావాలి’ అని రాయకండి, ఆ వాక్యానికి ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ‘ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య సికింద్రాబాద్ వైపు అరగంటకు ఒక బండి’ అని వేళతో సహా అడగండి.

నిర్వాహకురాలు: మలక్‌పేట నుంచి ఒక సోదరి లైన్‌లో ఉన్నారు.

శ్రోత (మలక్‌పేట): నమస్తే మేడమ్. నాకు రెండు సందేహాలు ఉన్నాయండీ. బండ్లు ఇలా రద్దవుతుంటే సీజన్ టికెట్ తీసుకోవడం దండగ కాదా? రెండోది, మహిళల పెట్టెలోకి మగవారు ఎక్కితే చెప్పుకోవడానికి ప్లాట్‌ఫారం మీద ఎవరూ కనబడరు.

నిపుణుడు: నెల సీజన్ టికెట్టు ధర సుమారు పదిహేను ఒంటి ప్రయాణాల ఛార్జీతో సమానం, అమ్మా. అంటే ఎనిమిది రోజులు పోయి వస్తే డబ్బు రాబట్టినట్టే. కనుక నెలలో సగం రోజులు రద్దయినా నష్టం ఉండదు. అంతకంటే తక్కువ ప్రయాణిస్తే ఫోన్‌లో యాప్ ద్వారా విడి టికెట్టు తీసుకోండి. అయితే స్టేషన్ చేరకముందే తీసుకోండి. పట్టాలకు మరీ దగ్గరగా ఉంటే యాప్‌లో కాగితం లేని టికెట్టు రాదు. హడావుడిలో టికెట్టు లేకుండా ఎక్కి, జరిమానా కట్టినవారు చాలామంది ఉన్నారు.

మహిళల పెట్టె విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. రైల్వే చట్టం 162వ సెక్షన్ కింద అది నేరం, జరిమానా వేసి దింపేయవచ్చు. బండి కదులుతుండగానే రైల్వే సహాయ నంబరు 139కి ఫోన్ చేయండి. బండి నంబరు, పెట్టె ముందు వైపా వెనక వైపా, రాబోయే స్టేషన్ పేరు, ఈ మూడూ చెబితే రైల్వే రక్షణ దళంవారు ఆ స్టేషన్‌లో ఎదురు రాగలరు. ఫిర్యాదు సంఖ్య తప్పకుండా అడిగి తీసుకోండి.

నిర్వాహకురాలు: ఆఖరి ఫోన్ యాకుత్‌పురా నుంచి.

శ్రోత (యాకుత్‌పురా): అమ్మా, నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. బండ్ల ఆలస్యం గురించి రైల్వేకు ఏడేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాను. అందినట్లు కార్డు వస్తుంది, పని మాత్రం జరగదు. నా వయసుకు ఇక ఇది చాలించమంటారా?

నిపుణుడు: చాలించవద్దు మాస్టారూ, ఉత్తరం తీరు మార్చండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘ఎందుకు ఆలస్యం’ అని అడగకండి, అభిప్రాయాలు, కారణాలు అడిగితే తప్పించుకోవడానికి వీలుంటుంది. ఫలానా నంబరు బండి గత మూడు నెలల్లో ఎన్ని రోజులు రద్దయింది, ఎన్ని రోజులు పది నిమిషాలకు మించి ఆలస్యమైంది అని అంకెలు అడగండి. లింగంపల్లి శ్రోతను బండి నంబరు రాసుకోమన్నది ఇందుకే. వచ్చిన అంకెలను రైల్వే డివిజన్ స్థాయి ప్రయాణికుల సలహా సంఘం సభ్యులకు, మీ పార్లమెంటు సభ్యుడికి జతచేసి పంపండి. సంఘం సమావేశంలో సభ్యుడు లిఖితంగా ఇచ్చిన అంశానికి అధికారులు లిఖితంగానే జవాబు చెప్పాలి.

శ్రోత (యాకుత్‌పురా): మా స్టేషన్‌లో రోజూ ఎక్కేవారం పదిమందిమి ఉన్నాం. తలా ఒక బండి చొప్పున రాసుకుంటే సరిపోతుందా?

నిపుణుడు: చక్కగా సరిపోతుంది. బండి వచ్చిన నిమిషంతో పాటు, ఆలస్యాన్ని మైకులో ముందే చెప్పారా లేదా అన్నది కూడా ఒక గడిలో రాయండి. ఆ గడి వారి రికార్డుల్లో ఉండదు, మీ దగ్గరే ఉంటుంది.

శ్రోత (యాకుత్‌పురా): రేపు ఉదయం ఎనిమిది గంటల బండి నేను రాస్తాను.

నిర్వాహకురాలు: మాస్టారూ, మూడు నెలల తర్వాత ఆ పుస్తకంతో మళ్లీ ఫోన్ చేయండి. సమయం ముగిసింది, సెలవు.